ఆరు పొయ్యిల వంటిల్లు

రాస్ తనూరా,
15 నవంబర్ 2024, శుక్రవారం

సరళకు,

ఇక్కడ సౌదీలో కూడా చలి మొదలైంది. సముద్రపు గాలికి పొద్దున లేచేసరికి గది కిటికీ అద్దాలు చెమ్మగిల్లి ఉంటున్నాయి. నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ హారికా ఎలా ఉన్నారో ముందు రాయి, మిగతావన్నీ తర్వాత.

మొన్న ఫోన్లో సగం మాటలోనే లైను తెగిపోయింది. మళ్లీ ఎంత చేసినా నీ ఫోను కలవలేదు. గదిలో అందరూ ఉండగా గట్టిగా అరిచి మాట్లాడటం నాకు మొహమాటం. పైగా ఫోనంటే మనిద్దరికీ ఖర్చుల మాటలు తప్ప ఇంకేవీ రావు. అందుకే కాగితం మీద రాసి ఫోటో తీసి పంపుతున్నాను. నువ్వూ ఇలాగే రాసి, హారికతో ఫోటో తీయించి పంపు.

వంటింటి సంగతి ఫోన్లో చెప్పాను కదా. పాతదంతా పగలగొట్టి కొత్తగా చేయాలి. అది ఎలా ఉండాలో తేల్చే పని నా మీద పడింది. ఇన్నేళ్లుగా టైల్స్ వేస్తున్నాను, ఎన్ని వంటిళ్లలో నేల పరిచానో నాకే గుర్తు లేదు. అయినా కాగితం ముందు పెట్టుకుని నాలుగు గోడలు గీసేసరికి చెయ్యి ఆగిపోయింది. ఎవరో గీసి ఇచ్చినదాంట్లో రాళ్లు పరచడమే తప్ప, అక్కడ నిలబడి వండేవాళ్లకు ఏది వీలో నేనెప్పుడూ ఆలోచించలేదు.

నువ్వు ఆలోచించి రాయి. పొయ్యి ఏ వైపు ఉండాలి, దానికి నీళ్లు ఎంత దూరంలో ఉండాలి, గట్టు ఎంత ఎత్తుండాలి, నేల ఎలాంటిదైతే నయం. తొందరపడి రెండు మాటలు రాసి ఊరుకోవద్దు. ఈ విషయంలో నాకు నీ మాటే ఆధారం.

మాకు వండిపెట్టే కోరుట్ల బుచ్చన్న ఆసుపత్రి నుంచి వచ్చాడు. కాలిన కాలు ఇంకా మానలేదు. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. నిన్ను అడిగానని చెప్పమన్నాడు.

ఉంటాను,
సదానందం

*

మెట్‌పల్లి,
21 నవంబర్ 2024

మీకు నమస్కరించి సరళ రాసేది.

మేమిద్దరం బాగున్నాం. హారికకు పదో తరగతి స్పెషల్ క్లాసులు మొదలయ్యాయి, పొద్దున వెళ్తే చీకటి పడ్డాకే ఇంటికి. బుచ్చన్నకు కాలు ఎలా కాలిందో నాకు తెలియదు. ఫోన్లో ఆ మాట వినబడనేలేదు. "వంటిల్లు కొత్తగా చేస్తున్నం" అన్నది మాత్రం విన్నాను. దానికి ముందూ వెనకా అంతా గరగర.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. తర్వాత పక్కింటి ముత్యవ్వకు చదివి వినిపించాను. మేమిద్దరం వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతున్నాం. ఆమె చేతిలో ఆకు అలాగే పట్టుకుని, "నిన్ను అడిగిండా సరళా? మా ఆయన బతికున్నప్పుడు ఉప్పు సరిపోయిందా అని కూడా నేనే అడిగేదాన్ని" అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో వంటిల్లు ఎలా ఉండాలని నన్ను అడిగినవాళ్లు లేరు. మీరు అడిగారు. అందుకే తొందరపడకుండా రాస్తున్నాను.

గట్టు ఎత్తు ఒక్కటే చాలదు, రెండు కావాలి. కూర, చారు చేసుకునే పొయ్యి నడుము దాకా ఉంటే చాలు. అన్నం వండే పెద్ద డేక్షా పెట్టే పొయ్యి మాత్రం మోకాలి ఎత్తులోనే ఉండాలి. లేకపోతే గరిటె తిప్పేటప్పుడు చెయ్యి భుజం దాటి పైకి లేస్తుంది. నా కుడి భుజం నొప్పి బీడీల వల్ల అని అందరూ అంటారు. సగం ఇప్పుడున్న ఎత్తు గట్టు వల్లనే.

నీళ్లు పొయ్యికి ఎదురుగోడ దగ్గర ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, గంజి వంచడానికి డేక్షా మోసుకుని పోయే పని పెట్టొద్దు. పొయ్యి పక్కనే, పొయ్యి ఎత్తులోనే తూము పెట్టాలి. డేక్షాను గట్టు మీదనే పక్కకు జరిపి వంచేయాలి. పెళ్లిళ్లలో వంటకు వెళ్లిన అనుభవంతో ముత్యవ్వ కూడా ఇదే చెప్పింది.

నేల సంగతి మీరు వినాలి. మీ పనితనం చూపించే మెరుపు రాళ్లు వంటింట్లో వద్దు. ముందుగదిలో వేసుకోండి. నూనె చుక్క పడి, దాని మీద నీళ్లు పడ్డాయంటే ఆ మెరుపు మీద మనిషి ఆగడు. కొంచెం గరుకుగా, పాదం పట్టుకునేలా ఉండాలి. నీళ్లు పోస్తే తూము వైపు వాటంగా పోవాలి. రంగు లేతగా ఉంటే మురికి కనబడుతుంది, కనబడితేనే కదా కడుగుతాం.

నేల మాత్రం మీ చేతులతోనే వేయాలి. ఇంకెవరికీ వదలకండి.

మీ
సరళ

*

రాస్ తనూరా,
29 నవంబర్ 2024, శుక్రవారం

సరళకు,

నీ ఉత్తరం చదివి నాకు సిగ్గూ సంతోషం రెండూ కలిగాయి. ఇంత తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఇన్నాళ్లు ఊరి ఇంజనీర్లందరి మాటా విన్నాను.

మా ఇంజనీరు అమ్మిరాజు గారికి నీ ఉత్తరం చదివి వినిపించాను. అమలాపురం మనిషి, మాట నెమ్మది. గంజి తూము దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు. తర్వాత స్కేలు తీసుకుని నీ మాటలన్నిటినీ కొలతలుగా బొమ్మ గీశారు. తన వైపు నుంచి ఒకటి కలిపారు. గ్యాసు బండలు వంటింట్లోనే ఉండకుండా బయట గోడ వెనక పెట్టి, లోపలికి గొట్టం వేయాలన్నారు. నాకూ నచ్చింది.

ఇది మెస్ వంటిల్లు కదా, ఒకటి రెండు పొయ్యిలతో జరగదు. ఆరు పొయ్యిలు అనుకుంటున్నాం. రెండు చిన్నవి, నాలుగు పెద్దవి. అన్నీ ఒకే వరసలో పెట్టాలా, రెండు వైపులా పెట్టాలా? వండేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఒకేసారి తిరిగినా ఒకరికొకరు తగలకూడదు. స్థలం చాలదనిపిస్తే పక్కన ఉన్న సామాన్ల గది గోడ తీసేసి కలుపుకోవచ్చు. నువ్వేమంటావు? గోడ తీస్తే బియ్యం, పప్పులు ఎక్కడ పెట్టాలన్నది ఇంకో చిక్కు.

అంట్లు తోమే చోటు వంట దగ్గరే ఉండాలా, బయట ఉండాలా అన్నది కూడా రాయి. రంజాన్ మొదలయ్యేలోపు అంతా అయిపోవాలి.

హారికను గణితం రోజూ చేయమను.

సదానందం

*

మెట్‌పల్లి,
9 డిసెంబర్ 2024

మీకు సరళ రాసేది.

మెస్ అన్న మాట చదివి గడప మీదనే కూర్చుండిపోయాను. ఇంత పెద్ద ఆలోచన మనసులో పెట్టుకుని, పొయ్యి ఎత్తెంత, తూము ఎక్కడ అని చిన్న చిన్న ప్రశ్నలు అడుగుతూ వచ్చారా? మీ స్వభావమే అంత. ముందు చెప్పి, తర్వాత జరగకపోతే నేను బాధపడతానని దాచి ఉంటారు.

ఆలోచిస్తే ఇంతకన్నా మంచి చోటు ఇంకోటి లేదు. మన ఇల్లు పసుపు మార్కెట్‌కు పోయే దారిలోనే కదా. సీజను వస్తే రైతులు, హమాలీలు, బండ్లవాళ్లు అన్నం ఎక్కడ దొరుకుతుందా అని తిరుగుతుంటారు. సీజను లేనప్పుడు జగిత్యాల నుంచి బస్సులో వచ్చే టీచర్లున్నారు, బ్యాంకు వాళ్లున్నారు. ముత్యవ్వ నాతో చేస్తానంది.

మీరు రాసినట్టే సామాన్ల గది గోడ తీయించాను. రాజలింగం మేస్త్రీ మనుషుల్ని తెచ్చి రెండు రోజుల్లో పడగొట్టాడు. వంటింటి పైకప్పు రేకులు కూడా దింపాం, ఎలాగూ ఎత్తు పెంచాలి కదా. ఇప్పుడు పెరట్లో పట్టా కట్టుకుని, రాళ్ల మీద వండుతున్నాను. గాలి వీచినప్పుడల్లా పొగ నా మీదికే వస్తుంది, అయినా విసుగు రావడం లేదు. పొయ్యిలు రెండు వైపులా వద్దు, ఒకే వరస. ఎదురుగోడకు బియ్యం, పప్పుల అరలు. అంట్లు బయటే.

బీడీల ఆకు తీసుకోవడం ఈ నెల నుంచి మానేశాను. మెస్ పని మొదలైతే రెండూ కుదరవు. ఛాతీలో పొడి దగ్గు కూడా తగ్గుతుందేమో చూడాలి.

బజారుకు వెళ్తే అందరూ అడుగుతున్నారు, "మీ ఆయన వస్తున్నడట గదా, ఇగ పోడట గదా" అని. అవునన్నాను. అక్కడ పని వదిలి రావడానికి ఎగ్జిట్ ఎప్పుడు దొరుకుతుందో రాయండి. రంజాన్ లోపలే అయిపోవాలన్నారు కాబట్టి ఫిబ్రవరి అనుకుంటున్నాను. హారికకు చెప్పాను. గణితం పుస్తకం తీసుకుని కూర్చుంది.

మీ
సరళ

*

రాస్ తనూరా,
13 డిసెంబర్ 2024, శుక్రవారం

సరళా,

నీ ఉత్తరం నిన్న వచ్చింది. జవాబు ఎలా రాయాలో తెలియక ఒక పూట ఆగాను. సూటిగా రాసేస్తాను.

నేను అడిగింది మన ఇంటి వంటిల్లు గురించి కాదు. ఇక్కడ క్యాంపులో మేం తినే మెస్ వంటిల్లు గురించి. ఫోన్లో ముందు బుచ్చన్న సంగతి చెప్పి, తర్వాత వంటిల్లు గురించి చెప్పాను. మొదటిది వినబడలేదని నువ్వు రాసినా నేను పట్టించుకోలేదు. నువ్వు రాసిన ప్రతి మాటా క్యాంపుకు సరిపోయింది, అందుకే నాకు అనుమానం రాలేదు.

జరిగింది ఇది. పాత వంటింట్లో నేల నున్నటి టైల్స్. పొయ్యి ఒక మూల, తూము ఇంకో మూల. ప్రతి పూటా బుచ్చన్న ఉడికిన అన్నం డేక్షాను చేతులతో మోసుకుపోయి గంజి వంచేవాడు. అక్టోబరులో ఒకరోజు కాలు జారింది. డేక్షాతో సహా పడ్డాడు. మోకాలి నుంచి పాదం దాకా కాలిపోయింది. నేను కేక విని పరుగెత్తాను. ఆ నేల మీద నేనూ జారాను. ఆ టైల్స్ వేసింది నేను కాదు. అయినా అట్లాంటివి ఎన్నిచోట్ల వేశానో అప్పుడు గుర్తుకు వచ్చింది. ముదీర్ (ఇక్కడ మేనేజరును అలాగే అంటారు) వచ్చి చూసి వంటిల్లు మార్చమన్నాడు. మా మెయింటెనెన్స్ వాళ్లలో టైల్స్ పని నాదే కాబట్టి నాకు అప్పగించారు.

నాకు ఎగ్జిట్ లేదు. అడగనూ లేదు. ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు వచ్చే జూన్ దాకా ఉంది, తర్వాత రెన్యువల్. ఈ సంగతి నీతో మాట్లాడాలని ఎన్నోసార్లు అనుకున్నాను. అక్కడికి వచ్చి నేనేం చేయాలి సరళా? మన దగ్గర టైల్స్ వేసే పిల్లలు వీధికి పది మంది ఉన్నారు. వాళ్ల చేతి వేగం నాకు లేదు. సెలవుకు వచ్చినప్పుడు కూడా వారం దాటితే ఎక్కడ కూర్చోవాలో తెలియక ఇంట్లో తిరుగుతుంటాను. నువ్వు చూశావు.

గోడ మళ్లీ కట్టించు. రేకులు వేయించు. దానికి కావలసింది పంపుతాను. నీకు కష్టం కలిగించాను.

సదానందం

*

మెట్‌పల్లి,
6 జనవరి 2025

మీ ఉత్తరం అందింది.

గోడ కట్టించను.

రేకులు వేయించాను, వాన పడితే బియ్యం తడుస్తాయని. డబ్బు పంపనవసరం లేదు. బీడీల ఆకు మళ్లీ అడిగాను, సంక్రాంతి అయ్యాక చూద్దామన్నారు.

బజారులో అందరికీ మీరు రావడం లేదని చెప్పాను. ఒకసారి చెబితే సరిపోతుందనుకున్నాను, కానీ మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

ఇన్నేళ్లలో నన్ను మొదటిసారి అడిగారనుకున్నాను. అడిగింది నిజమే. వేరే వంటిల్లు కోసం అడిగారు. ఇందులో మీ తప్పు వెతికితే నాకు దొరకడం లేదు. అందుకే కోపం ఎవరి మీద చూపించాలో తెలియడం లేదు.

వంటిల్లు గురించి ఇంకేమైనా కొలతలు కావాలంటే అడగండి. రాస్తాను.

సరళ

*

రాస్ తనూరా,
14 ఫిబ్రవరి 2025, శుక్రవారం

సరళకు,

నీ జవాబు చదివాక ఇన్నాళ్లు రాయలేదు. ఏం రాసినా సమాధానపరచడానికి రాసినట్టే ఉంటుందని ఊరుకున్నాను. ఇప్పుడు రాయాల్సిన పని జరిగింది.

వంటిల్లు పూర్తయింది. పొయ్యిలు ఒకే వరసలో పెట్టాం, పెద్దవి మోకాలి ఎత్తులో, చిన్నవి నడుము ఎత్తులో. పక్కనే తూము. నేల విషయంలో కొంత ఆలస్యమైంది. ఆఫీసు భవనానికి తెచ్చిన నున్నటి టైల్స్ స్టోర్‌లో మిగిలి ఉన్నాయి, అవే వాడమని పైనుంచి చెప్పారు. అమ్మిరాజు గారు నన్ను వెంటబెట్టుకుని ముదీర్ దగ్గరికి వెళ్లి, బుచ్చన్న ఆసుపత్రి సంగతి గుర్తు చేసి ఒప్పించారు. స్టోర్ చూసే ఆదోని ముజాహిద్ దమ్మామ్ అంతా తిరిగి గరుకు టైల్స్ పట్టుకొచ్చాడు. నేల నేనే వేశాను. ఒక్క రాయి కూడా ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

మొదటి వంట రోజు అందరూ లోపలికి వచ్చారు. బుచ్చన్న గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. రమ్మంటే రాలేదు. కాసేపయ్యాక చెప్పులు విడిచి, చెంబుతో నీళ్లు నేల మీద పోశాడు. నూనె గిన్నె తీసుకుని దాని మీద ఒలకబోశాడు. ఎవరం ఆపలేదు. తర్వాత కర్ర గోడకు ఆనించి, ఆ నీళ్లలో, ఆ నూనెలో ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒట్టి కాళ్లతో నడిచాడు. మళ్లీ వెనక్కి వచ్చాడు. ఒక్కచోట కూడా జారలేదు.

నా ముందు నిలబడి, "ముందుగాలనే గిట్ల ఏస్తే అయిపోవు గదనే సదానందం" అన్నాడు. నా మీద కోపంతో అనలేదు. మామూలుగా అన్నాడు. నేను తల దించుకుని, నేల మీది నూనె తుడవడానికి గుడ్డ తీసుకున్నాను. అమ్మిరాజు గారు కూడా తల దించుకుని పక్కకు వెళ్లిపోయారు.

బుచ్చన్నకు ఇకామా రెన్యువల్ చేయలేదు. ఎక్కువసేపు నిలబడలేడని రాసేశారు. ఇరవై తారీకు ఎగ్జిట్ మీద వస్తున్నాడు. నీకూ హారికకూ ఖర్జూరాలు, ఒక దుప్పటి ఇచ్చి పంపుతున్నాను. కోరుట్ల నుంచి వచ్చి ఇస్తానన్నాడు. కాస్త కూర్చోబెట్టి మాట్లాడు. నీ మీద కోపం ఉంటే నాతో ఉంచుకో.

సదానందం

*

మెట్‌పల్లి,
3 మార్చి 2025

మీకు సరళ రాసేది.

చివరి మాట తిరగేసి రాశారు. "నా మీద కోపం" అని కదా రాయాలి, "నీ మీద కోపం" అని రాశారు. చదివి నవ్వొచ్చింది. చాలా రోజుల తర్వాత నవ్వాను కాబట్టి చెబుతున్నాను.

బుచ్చన్న వచ్చాడు. ఆటో దిగి కుంటుకుంటూ వస్తుంటే ఎవరో ముసలాయన అనుకున్నాను. మీకంటే రెండు మూడేళ్లు పెద్దేమో, అంతే కదా. ఖర్జూరాలు ఇచ్చి, కుర్చీ వేస్తే కూర్చోకుండా, "చెల్లె, గా వంటిల్లు యాది ఉన్నంతకాలం నువ్వు యాదుంటవు" అన్నాడు. కాలు చూపించమని నేను అడగలేదు. లుంగీ సర్దుకునేటప్పుడు కనబడింది. చర్మం ముడతలు పడి, రంగు మారిపోయి ఉంది.

అప్పటిదాకా నాకు ఆ వంటిల్లు మీరు నా నుంచి తీసుకుపోయి ఎవరికో ఇచ్చినట్టుగా ఉండేది. ఆ కాలు చూశాక ఆ ఆలోచన నిలవలేదు. ఎవరికి ఇచ్చారో చూశాను కదా.

అన్నం పెట్టాను. తిన్నాక లేచి పెరట్లోకి వెళ్లి, కూల్చిన గోడ దగ్గర నిలబడ్డాడు. అడుగులతో కొలుస్తూ అటూ ఇటూ తిరిగాడు. "చెల్లె, గీ జాగల ఆరు పొయ్యిలు మంచిగ పడ్తయి. ఎందుకు ఖాళీగ ఉంచినవు?" అన్నాడు. జరిగిందంతా చెప్పాను. మళ్లీ ఒకసారి అడుగులతో కొలిచాడు. తర్వాత, "ఆయన రాకపోతే ఏంది? వంట చేసేటోన్ని నేను వచ్చిన గద" అన్నాడు. కొడుకులు వద్దంటున్నా ఇంట్లో ఊరికే కూర్చోలేకపోతున్నాడట. కోరుట్ల నుంచి పొద్దున బస్సుకు వచ్చి, సాయంత్రం పోతానన్నాడు. డేక్షాలు ఎత్తలేడు కానీ, పక్కకు జరిపి వంచడమైతే చేయగలడు.

ముత్యవ్వను పిలిచి అడిగాను. ఆమె కొంగు నడుముకు చుట్టుకుని రాజలింగం ఇంటికి బయలుదేరింది.

ఈ మెస్ మీరు అనుకోలేదు, నేను పొరపాటున అనుకున్నాను. కానీ ఒకసారి అనుకున్నాక నా మనసులోంచి అది పోలేదు. అందుకే గోడ కట్టించలేదు. మీకు ఆ రోజు ఇది రాయలేకపోయాను.

పసుపు సీజను సగం దాటింది. ఉన్న సగమైనా పట్టుకోవాలని తొందరపడుతున్నాం. నేలకు రాజలింగం తాండూరు రాయి వేస్తున్నాడు, పాలిష్ లేనిది. మీ కోసం ఆపుదామా అని అడిగాడు. ఆపలేదు. ఏమనుకోవద్దు.

సరళ

*

రాస్ తనూరా,
28 మార్చి 2025, శుక్రవారం

సరళకు,

ఇక్కడ రంజాన్ చివరికి వచ్చింది. సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు ముజాహిద్ వాళ్లు వంటింట్లో ఉంటారు, వాళ్లయ్యాక మేం వెళ్తాం. బుచ్చన్న లేడు కాబట్టి వంతులు వేసుకుని వండుకుంటున్నాం. నా వంతు వచ్చిన రోజు ఎవరూ ఎక్కువ తినరు. మా వంటమనిషిని నీ వంటింట్లోకి లాక్కున్నావని అందరూ నా మీద పడుతున్నారు. మీ ఆవిడ ఉత్తరాలతోనే పని జరిపించుకుందని అమ్మిరాజు గారు నవ్వుతున్నారు.

నేనూ నవ్వాను. తర్వాత ఒక్కడినే కూర్చున్నప్పుడు వేరేగా అనిపించింది. నేల కూడా నాకోసం ఆగలేదు. తప్పు అనడం లేదు, సీజను ఆగదు కదా. కానీ ఆ ఇంట్లో నేను చేయగల పని అదొక్కటే అనుకున్నాను. అదీ అయిపోయింది.

అమ్మిరాజు గారు నిన్న పిలిచారు. జుబైల్ వైపు క్యాంపుల్లో కూడా వంటిళ్లు ఇలాగే మార్చాలట. నన్ను తీసుకెళ్తానన్నారు. ఇంకో రెండేళ్లకు ఇకామా చేయిస్తారు. "మీరు ఆలోచించుకోండి సదానందం గారూ, తొందరేం లేదండి. కానీ ఇంటికెళ్లే ఉద్దేశం ఉంటే అది కూడా నాకు ముందే చెప్పేయండి, నేనేం అనుకోను" అన్నారు. పండగ అయిపోయాక చెప్పాలి.

మంచి పనే. జారి పడేవాళ్లు అక్కడా ఉంటారు. ఉండిపోతే తప్పేమీ లేదు. వస్తే ఏం చేస్తానో మాత్రం నాకు తెలియడం లేదు. నీకు ముత్యవ్వ ఉంది, బుచ్చన్న ఉన్నాడు. హారిక నాతో ఫోన్లో రెండు మాటలే మాట్లాడుతుంది, అవి కూడా మార్కుల గురించి.

నువ్వు రమ్మని ఒక్క మాట రాస్తే వస్తాను. వద్దంటే ఉంటాను. నువ్వు ఏది రాస్తే అదే అమ్మిరాజు గారికి చెబుతాను.

సదానందం

*

మెట్‌పల్లి,
7 ఏప్రిల్ 2025

మీకు సరళ రాసేది.

ఉగాది మర్నాడు మెస్ మొదలుపెట్టాం. బోర్డు లేదు, పేరు లేదు. ముత్యవ్వ గేటు దగ్గర నిలబడి దారిన పోయే హమాలీలను, "రాండ్రి బిడ్డా, అన్నం వేడి మీదుంది" అని పిలిచింది. మొదటి రోజు పప్పు మాడింది. రెండో రోజు అన్నం మిగిలింది. మూడో రోజు చాలక మళ్లీ ఎసరు పెట్టాం. సీజను అయిపోవచ్చింది, ఈ మాత్రం జనం రేపు ఉంటారో లేదో చెప్పలేను. హైస్కూలు టీచర్లు క్యారియర్లు కావాలన్నారు, అది మాత్రం నమ్మకం. బుచ్చన్న రెండుసార్లు నాతో గొడవపడ్డాడు, పచ్చిమిర్చి ఎక్కువ వేస్తున్నానని. దగ్గు తగ్గింది. బీడీల ఆకు ఇస్తామని కబురు వచ్చింది, వద్దన్నాను.

రమ్మని ఒక్క మాట రాయమన్నారు. చాలా ఆలోచించాను. ఆ మాట నేను రాయను. నేను రమ్మంటే మీరు నాకోసం వచ్చినట్టవుతుంది. ఇక్కడ మీకు కుదరకపోతే, నీ మాట విని వచ్చానన్నది ఇద్దరి మధ్యా మిగిలిపోతుంది. వద్దని కూడా రాయను, అది అబద్ధం అవుతుంది. డిసెంబరులో మీరు రావడం లేదని బజారులో చెప్పి వచ్చిన రోజు నేనెలా ఉన్నానో హారికను అడగండి. ఆమె మీతో రెండు మాటలే మాట్లాడేది కోపంతో కాదు. మూడో మాట ఎప్పుడు వస్తున్నావని అవుతుందని ఆగిపోతుంది. నాతో తనే చెప్పింది. పరీక్షలు అయిపోయాయి, ఇప్పుడు ఖాళీగానే ఉంది. మీరే ఫోను చేయండి.

అందుకని ఉన్న సంగతి ఉన్నట్టు రాస్తాను, మీరే తేల్చుకోండి.

వంటకు ముగ్గురం ఉన్నాం, నాలుగో మనిషి అక్కర్లేదు. మీ వంట సంగతి మీరే రాశారు కూడా. మార్కెట్‌కు పోయి కూరగాయలు తెచ్చే మనిషి లేడు, ముత్యవ్వ మోయలేకపోతోంది. టీచర్లకు క్యారియర్లు ఇచ్చి రావడానికి బండి నడిపే మనిషి లేడు. అంట్లు తోమడానికి పెట్టుకున్న ఆమె మూడు రోజులు చేసి, ఇంత పెద్ద డేక్షాలు నా వల్ల కావని మానేసింది. ఇప్పుడు రోజూ అందరూ పోయాక నేనూ హారికా తోముతున్నాం.

పెద్ద ఉద్యోగాలేమీ కావు. టైల్స్ పనివాడికి చెప్పదగినవి కూడా కావు. జుబైల్‌లో వంటిళ్లు బాగుచేయడం ఇంతకంటే మంచి పని, అది నాకు తెలుసు. బుచ్చన్న కాలు చూసినదాన్ని, వెళ్లొద్దని ఎలా అంటాను?

ఊళ్లో అంట్లు తోమే మనిషి కోసం ఎవరినైనా అడుగుదామని ముత్యవ్వ రోజూ అంటోంది. అమ్మిరాజు గారికి మీరు ఏదో ఒకటి చెప్పేదాకా ఆగమన్నాను.

మీ
సరళ